ఏది కొట్టమంటారండి?

ఎదుర్లంక వంతెన మీద
కాళ్ళ మధ్య ఒక డబ్బా, వెనక సీటుకి కట్టిన ఇంకో డబ్బా.
గౌతమి గాలి స్కూటర్ని రైలింగు వైపు తోస్తుంటే
మోకాళ్ళతో ఖాళీ డబ్బాని నొక్కిపట్టి
యానాం పోతాను, వారానికి రెండుసార్లు.
అక్కడ లీటరు మీద మిగిలే రూపాయలు
మా ఒడ్డున ఓ పూట కూర.

బంకులో రెండు గొట్టాలు.
ఒకటి మామూలుది, నల్లగా, జిడ్డుగా, ఇంట్లో మనిషిలా.
పక్కది పవర్ది. మూతికి ఎర్ర తొడుగు,
మగపెళ్ళివారి తరఫున వచ్చినట్టు నిలబడి ఉంటుంది.
చక్రవేణి నా మొహం చూడదు.
మీటర్లో సున్నా చూపించి అడుగుతుంది:
"ఏది కొట్టమంటారండి?"

ప్రతిసారీ అడిగే మాటే.
నా నోరే ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యం.

పసుపు జెట్‌స్కీ నాది. నాదంటే
సగం సొసైటీ బాకీది, సగం నూకరత్నం గొలుసుది.
మూడు చేతులు మారి గోవా నుంచి లారీ మీద వచ్చింది,
సీటు కింద ఎవరిదో చెవిపోగుతో సహా.

దిండి రిసార్టు కుర్రాడు పవర్ తప్ప పొయ్యడు.
వాళ్ళవి కొత్త బండ్లు, వాటి ఆకలి వేరు.
కాకినాడ మెకానిక్ జిలానీ
నా బండి పుస్తకం తిరగేసి చెప్పాడు:
"మామూలుది చాలన్నా.
దీన్లో గాలి దట్టించే మర లేదు.
ఖరీదైన పెట్రోలు బలం ఇవ్వదు,
తొందరపడి ముందే అంటుకోదు, అంతే.
నువ్వు ఓర్పుకి డబ్బులు కడతానంటున్నావు,
నీ ఇంజనుకి అసలు తొందరే లేదు."

విన్నాను. తలూపాను.
కానీ ఆశ్లేష కార్తెలో ఒక సాయంత్రం ఉంది.

ఎర్రనీరు ఇంకా దిగలేదు.
లంక నుంచి గడ్డిమోపులతో వస్తున్న నావ
వంతెన మూడో స్తంభం దగ్గర తిరగబడిందని
ఎవరో ఒడ్డెమ్మట అరుస్తూ పరిగెత్తారు.
తాళం తిప్పాను.
నడిఏటి దాకా బాణమే.
తర్వాత దగ్గింది. మళ్ళీ దగ్గింది.
ఇంజను అరుస్తోంది, బండి కదలదు.
ముప్పై బారల అవతల ఒక తలగుడ్డ,
తలగుడ్డ కింద మనిషి,
నా వైపే చూస్తున్నాడు. పిలవడం లేదు.

సింహాద్రి వల నావ వచ్చి తీసింది అతన్ని.
బతికాడు. పెసింగి సత్తెయ్య.
ఇప్పటికీ మురమళ్ళలో ఎదురైతే
"ఆయ్, బాగున్నారా" అంటాడు.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకే తెలీదు.

మర్నాడు జిలానీ బండిని పక్కకి ఒరిగించి
అడుగు జల్లెడలోంచి లాగాడు
గుర్రపుడెక్క, మూరలకి మూరలు, జడ విప్పినట్టు.
"పెట్రోలు కాదన్నా. గొంతు పూడిపోయింది,
నీళ్ళు మింగలేకపోయింది."

అదే నిజం. కళ్ళతో చూశాను.
ఆ రోజు ట్యాంకులో ఉన్నది మామూలుదన్నదీ నిజమే.
ఈ రెండు నిజాలకీ చుట్టరికం లేదు,
రాత్రిళ్ళు మాత్రం నాలో ఒకే చాప మీద పడుకుంటాయి.

ఇప్పుడు ఎవర్నెక్కించుకున్నా ముందు
మోకాల్లోతు దిగి బండి అడుగు తడుముతాను.
భీమారం కుర్రాళ్ళు నవ్వుతారు:
"ఏంటి బాబాయ్, పాలు పితుకుతున్నావా?"
పితుకుతున్నాననే అంటాను.

"మామూలుదే," చక్రవేణితో చెబుతాను.
రెండు డబ్బాలూ నిండుతాయి.
ఏ నెలలోనో ఒకసారి,
ఎప్పుడని ముందుగా అనుకోను,
వేలు దానంతటదే ఎర్ర తొడుగు వైపు లేస్తుంది:
"ఐదు లీటర్లు. అందులోంచి."
అప్పుడు మాత్రం చక్రవేణి మొహం చూస్తుంది.

రసీదు మడిచి ఇంట్లో ఇస్తాను, ఏమీ చెప్పను.
నూకరత్నం చదువుతుంది,
తేడా వేళ్ళ మీద కడుతుంది.
పెట్రోలు ఖాతాలో మామూలు ధరే వేసి
మిగిలిందానికి కింద వేరే గీత గీసి
దీపం నూనె అని రాస్తుంది.